సిలువలు దొంగిలించిన పిల్లలు



మా సంఘములో ఒక యౌవన సహోదరుడు ఆకస్మికంగా ప్రభువునందు నిద్రించాడు. భార్య, అయిదేండ్ల కుమారుడు మిగిలారు. భూస్థాపన జరిగిన రోజు ఆ పిల్లవాడిని ప్రక్క వీధిలో ఉన్న బంధువుల ఇంటికి పంపివేశారు. "నాన్న ఏడి?" అని వాడు అడిగినప్పుడల్లా "ఊరికి వెళ్ళాడు బాబూ, వచ్చేస్తాడు" అని పెద్దలందరూ ఒకే మాట చెప్పారు. ఆదరణ చెప్పడానికి ఆ ఇంటికి వెళ్ళిన మేము కూడా అదే మాట చెప్పి, వాడి చేతిలో రెండు బిస్కట్లు పెట్టి వచ్చాము. సాయంత్రమయ్యేసరికి వాడు గేటు ఊచలు పట్టుకొని నిలబడేవాడని, వీధిలో మోటారు సైకిలు చప్పుడు అయితే చాలు మెడ చాచి చూసేవాడని వాళ్ళ అమ్మమ్మగారు ఆ తరువాత చెప్పారు.

ఆ వారములోనే మేము ఒక పాత ఫ్రెంచి సినిమా చూడడం తటస్థించింది. సంఘ పత్రికలో సినిమా సంగతులెందుకని కొందరు పెద్దలు అనవచ్చును. వారి బాధ మాకు తెలియనిది కాదు. అయితే ఈ సినిమా మమ్మల్ని మోకాళ్ళ మీదికి తెచ్చింది. పిల్లలకు మనము చెప్పే మాటలను గురించి, మన మెడలలోను గోడల మీదను ఉన్న సిలువను గురించి కొన్ని ప్రశ్నలు అడిగింది. అందుచేత ఈ నెల ఆ సంగతే మీతో పంచుకొంటున్నాము.

సినిమా పేరు 'నిషిద్ధమైన ఆటలు' అని అర్థం వచ్చే ఫ్రెంచి మాట. ఇంగ్లీషులో 'ఫర్బిడెన్ గేమ్స్' అంటారు. ఫ్రాన్సువా బోయె వ్రాసిన నవల ఆధారంగా రెనె క్లెమాన్ అనే దర్శకుడు తీయగా 1952లో విడుదలైంది. తెలుపు నలుపులలో ఉంటుంది, గంటన్నర లోపే ముగుస్తుంది. అదే సంవత్సరం వెనిస్ చిత్రోత్సవంలో మొదటి బహుమానమైన స్వర్ణసింహాన్ని, ఆ తరువాత అమెరికాలో పరభాషా చిత్రానికి ఇచ్చే గౌరవ ఆస్కారును పొందింది. సినిమా అంతటికీ సంగీతం దాదాపు ఒక్క గిటారే. నార్సిసో యెపెస్ అనే స్పెయిను దేశస్థుడు వాయించాడు. అందులోని ప్రధానమైన బాణీని గిటారు నేర్చుకొనే వాళ్ళు లోకమంతటా ఇప్పటికీ సాధన చేస్తుంటారు. మన సంఘాలలో గిటారు పట్టుకొనే యౌవనస్థులలో కూడా, ఎక్కడిదో తెలియకుండానే దానిని వాయించిన వారు ఉండి ఉంటారు.

కథా కాలం 1940 జూన్. ఆ సంవత్సరం మే 10న జర్మనీ సైన్యాలు పడమటి దేశాల మీద పడ్డాయి. జూన్ 14న పారిస్ నగరం వారి వశమైంది. ఆ వారాలలో లక్షలాది కుటుంబాలు మూటలు, పరుపులు, కుక్కపిల్లలు, పిట్టల పంజరాలతో సహా కార్లలోను, బండ్లలోను, నడిచీ దక్షిణ దిక్కుగా పారిపోయారు. దారుల మీది ఆ జనం మీద విమానాలు గుండ్లు కురిపించాయి. ఇది చరిత్ర.

ఆ జనంలో పాలెట్ అనే అయిదేండ్ల పాప తల్లిదండ్రులతో కూడ ఉన్నది. ఒక వంతెన దగ్గర కుక్కపిల్ల ఆమె చేతులలో నుండి దూకి పరుగెత్తింది. పాప దాని వెంట పరుగెత్తింది. తల్లిదండ్రులు పాప వెంట పరుగెత్తారు. విమానాలు వచ్చాయి, వెళ్ళాయి. పాప కళ్ళు తెరిచేసరికి అమ్మ కదలడం లేదు. పాప అమ్మ చెంపను ముట్టుకొని చూచి, తరువాత తన చెంపను ముట్టుకొని చూస్తుంది. ఆ రెండు చెంపల మధ్య ఏమి భేదం వచ్చిందో ఆ వయస్సుకు అర్థం కాదు. చచ్చిన కుక్కపిల్లను ఎత్తుకొని లేస్తుంది. దారిన పోయే ఒక స్త్రీ, కుక్క చచ్చిపోయిందమ్మా అని దానిని లాగి ఏటిలో పడవేస్తుంది. పాప బండి దిగి ఆ కుక్క కోసం ఏటి వెంట పోతుంది. ఆ స్త్రీ చెడ్డది కాదు. ఆమెకు చచ్చిన కుక్క కనబడింది. పాపకు మాత్రం తనకు మిగిలిన ఒకే ఒక్కటి కనబడింది.

యుద్ధం గురించి ఈ సినిమా చూపేది దాదాపు అంతే. తరువాత ఒక్క సైన్యాధిపతి కూడా కనబడడు. ఎవరు గెలుస్తున్నారో ఎవరూ వివరించరు. పిల్లల లెక్కలో యుద్ధమంటే రెండు దేశాలు కాదు. నిన్న పట్టుకొన్న చెయ్యి ఈ రోజు లేకపోవడమే.

తప్పిపోయిన ఆవును వెదకుతూ వచ్చిన మిషెల్ అనే పదేండ్ల రైతు పిల్లవాడు ఆమెను చూచి తన ఇంటికి తీసుకొని వెళ్తాడు. బీద కుటుంబం, పల్లెటూరి మొరటు మనుష్యులు. అయినా పాపను చేర్చుకొంటారు. ఆ ఇంటిలో పెద్ద కొడుకు గుర్రం తన్నినందున మంచం పట్టి ఉన్నాడు. యుద్ధం మూలంగా వైద్యుడు రాడు. పాపకు ప్రార్థన తెలియదని ఇంటివారికి ఆశ్చర్యం. మిషెల్ ఆమెకు ప్రార్థనలు నేర్పుతాడు. చనిపోయిన వారిని భూమిలో ఉంచుతారని, పైన సిలువ పెడతారని అతని వల్లనే తెలుసుకొంటుంది. తన అమ్మా నాన్నలను కూడ ఎక్కడో అలాగే ఉంచి ఉంటారని ఆమెకు తోస్తుంది. ఏ పెద్దవాడూ కూర్చుండి ఆమెకు ఈ సంగతి చెప్పలేదు.

పాడుపడిన ఒక నీటిమరలో పిల్లలిద్దరు కుక్కపిల్లను పాతిపెడతారు. అది ఒక్కటే ఉంటే దానికి దిగులు కదా! అందుకని దానికి తోడుగా మరొక చిన్న జంతువును పాతుతారు. ఆ తరువాత కోడిపిల్లలు, పురుగులు, ఏది దొరికితే అది. ఒక చోట మిషెల్ పాళీ కలాన్ని విమానంలాగా చప్పుడు చేస్తూ పైనుండి దించి ఒక బొద్దింకను పొడిచి చంపుతాడు. పాప బాధపడితే, చంపింది తాను కాదని, బాంబు అని చెబుతాడు. ఈ ఒక్క మాట దగ్గర మేము సినిమాను ఆపి చాలాసేపు కూర్చుండిపోయాము. చంపినది నేను కాదు, బాంబు. పదేండ్ల పిల్లవాడు ఈ జవాబును ఎక్కడ నేర్చుకొన్నాడు? ఏ దేశమైనా, ఏ కాలమైనా, యుద్ధం చేసిన పెద్దలు చెప్పుకొన్నది ఇదే గదా!

సమాధులు పెరిగిన కొద్దీ సిలువలు కావలసి వచ్చాయి. పాపకు అందమైన సిలువలే కావాలి. మిషెల్ మొదట తానే మేకులు కొట్టి ఒకటి చేస్తాడు. ఇంటిలో రోగి ఉండగా సిలువ చేస్తావా, అపశకునం అని తండ్రి కొడతాడు. అన్న చనిపోయినప్పుడు శవపేటికను తీసుకొనిపోయే బండి మీది సిలువలను ఊడదీస్తాడు. గుడిలో గురువు దగ్గర పాపం ఒప్పుకొని, వెంటనే బలిపీఠం మీది సిలువను తీయబోయి అక్కడే పట్టుబడతాడు. చివరకు ఒక రాత్రి ఇద్దరు పిల్లలు ఒంటిచక్రపు బండి తీసుకొని సమాధుల తోటకు వెళ్ళి, అక్కడి సిలువలనే పీకి తెస్తారు. వాటిలో మిషెల్ అన్న సమాధి మీది సిలువ కూడ ఉన్నది.

ఇక్కడ కొందరు విశ్వాసులకు కోపం రావచ్చును. ఇది సిలువను అవమానపరచుట కాదా అని అడగవచ్చును. మొదట మాకు కూడ మనస్సు చివుక్కుమన్నది. కాని అదే ఊరిలో పెద్దలు సిలువతో ఏమి చేశారో చూడండి. మిషెల్ తండ్రికి పొరుగింటి రైతుకు పాత పగ. కొడుకు సమాధి మీద సిలువ లేకపోవడం చూచి తండ్రి అది పొరుగువాడి పనే అనుకొన్నాడు. పొరుగువారి సిలువల మీద పడ్డాడు. ఇద్దరూ కలియబడి తవ్వి ఉన్న గోతిలో పడి తన్నుకొన్నారు. నడి వయస్సు దాటిన ఇద్దరు మనుష్యులు, ఇద్దరూ గుడికి వెళ్ళేవారే, సమాధి గోతిలో కొట్టుకొంటున్నారు! పిల్లలు సిలువను దొంగిలించింది చచ్చిన జీవులకు గౌరవమివ్వడానికి. పెద్దలు సిలువను వాడుకొన్నది పగ తీర్చుకోవడానికి. ఎవరు ఎక్కువ అవమానపరచారు?

పిల్లలు చేసినది సరియైన పని అని మేము అనడం లేదు. దొంగతనం దొంగతనమే. మరొకరి దుఃఖానికి గురుతుగా నిలిచిన దానిని పీకడం గొప్ప తప్పే. కాని ఆ పాప దృష్టిలో సిలువ అంటే ఏమిటి? చచ్చినవాటి మీద పెట్టే ఒక అందమైన వస్తువు, అంతే. దాని మీద వ్రేలాడినవాడు ఎవరో, ఎందుకు వ్రేలాడాడో, మూడవ దినమున ఏమి జరిగిందో ఎవరూ చెప్పలేదు. ప్రార్థనలోని పదాలు నేర్పారు, ప్రార్థన వినేవానిని పరిచయం చేయలేదు. అందుచేత మరణాన్ని చూచిన ఆ పసిమనస్సు తనకు దొరికిన ముక్కలతో తనకొక మతాన్ని కట్టుకొన్నది. అందులో సమాధి ఉన్నది, పునరుత్థానం లేదు.

మన ఇండ్లలో పరిస్థితి వేరుగా ఉన్నదా? మన పిల్లలు మెడలో సిలువ వేసికొంటారు. గోడ మీద సిలువ ఉంటుంది, కారు అద్దం ముందు సిలువ ఊగుతుంటుంది. క్రిస్మసుకు కంఠస్థ వాక్యాలు తప్పు లేకుండా చెప్పి బహుమానాలు తెచ్చుకొంటారు. మంచిదే. కాని తాతయ్య చనిపోయిన రోజున ఆ వాక్యాలకు తాతయ్యకు ఏమి సంబంధమో వారి ప్రక్కన కూర్చుండి చెప్పినవారు ఎందరు?

సినిమాలో మమ్మల్ని అన్నిటికంటె ఎక్కువగా గుచ్చినది చివరి భాగం. సిలువలు తీసినది మిషెల్ అని తెలిసిపోతుంది. మరునాడు పోలీసులు వస్తారు. వారు వచ్చింది సిలువల కోసం కాదు, పాలెట్‌ను అనాథ పిల్లల ఏర్పాటుకు తీసుకొనిపోవడానికి. తండ్రి మిషెల్‌కు మాట ఇస్తాడు. సిలువలు ఎక్కడ ఉన్నాయో చెబితే పాప ఇక్కడే ఉంటుంది. పిల్లవాడు నమ్మి చెబుతాడు. చెప్పిన మరుక్షణం తండ్రి కాగితం మీద సంతకం పెట్టి పాపను అప్పగిస్తాడు. మిషెల్ ఏడుస్తూ మరకు పరుగెత్తి, అన్ని సిలువలను పీకి ఏటిలో విసరివేస్తాడు.

ఆ తండ్రి కూడ కఠినుడు కాడు. ఇంటిలో తినే నోళ్ళు చాలా ఉన్నాయి, కొడుకు చనిపోయాడు, పోలీసులు గుమ్మంలో నిలబడి ఉన్నారు. తనకు కావలసిన మాట పిల్లవాడి నోటి నుండి రావాలి, అందుకని ఒక మాట ఇచ్చాడు. పిల్లలకు ఇచ్చిన మాటకు విలువేముందని అనుకొన్నాడు. విమానాలు చేయలేని పని ఆ ఒక్క అబద్ధం చేసింది. ఆ పిల్లవాడిలో సిలువ మీద ఉన్న ప్రేమను ఏటిలో కలిపింది. మత్తయి సువార్త పదునెనిమిదవ అధ్యాయంలో ప్రభువు చిన్నవారికి అభ్యంతరం కలిగించే వారిని గురించి తిరుగటి రాయి మాట చెప్పారు. ఆ మాటను మనము ఎవరో దుర్మార్గులకు చెప్పినదిగా చదువుకొంటాము. ఇంటిలో పని జరగడానికి ఒక చిన్న అబద్ధం చెప్పిన తండ్రికి కూడ అది వర్తిస్తుందని మేము ఇంతకు ముందు ఆలోచించలేదు.

చివరి దృశ్యం రైల్వే స్టేషను. జనం క్రిక్కిరిసి ఉన్నారు. రెడ్‌క్రాస్ సహోదరి ఒకామె పాప మెడలో పేరు వ్రాసిన చీటీ కట్టి, ఇక్కడే కూర్చో, ఇప్పుడే వస్తానని వెళ్తుంది. జనంలో ఎవరో ఎవరినో "మిషెల్" అని పిలుస్తారు. పాప లేచి ఆ పేరు పిలుస్తూ జనంలోకి పోతుంది. ఆ పిలుపే కాసేపటికి అమ్మను పిలవడంగా మారిపోతుంది. సినిమా అక్కడే ముగుస్తుంది. ఆ పాత్ర వేసిన బ్రిజీత్ ఫొసే నిజముగా అయిదేండ్ల పిల్ల. ఆమె పెద్దదై పేరుగల నటి అయ్యారు. అయినా అరవై ఏండ్లు దాటిన మేము సినిమా అయిపోయిన తరువాత కూడ ఆ పాపను ఎవరు ఎత్తుకొన్నారా అని ఆలోచిస్తూనే ఉన్నాము.

కథలో చివరగా కనబడే సిలువ ఆ ఎఱ్ఱ సిలువే. రెడ్‌క్రాస్ గురుతు మత చిహ్నం కాదు, స్విట్జర్లాండు జెండా రంగులను తారుమారు చేయగా వచ్చినది. కాని ఆ పనికి పునాది వేసిన హెన్రీ డ్యునాంట్ భక్తిగల యౌవనుడు, 1852లో జెనీవాలో వై.ఎం.సి.ఎ. స్థాపించిన వారిలో ఒకడు. 1859లో సోల్ఫెరీనో యుద్ధం ముగిసిన తరువాత గాయపడిన వేలాదిమందిని చూచి, ఏ సైన్యానికి చెందినవారని అడగకుండా వారికి సేవ చేశాడు. 1863లో రెడ్‌క్రాస్ ఏర్పడింది. యుద్ధంలో విడిపోయిన కుటుంబాలను వెదకి కలపడం కూడ అది చేసే పనులలో ఒకటి. సిలువను దొంగిలించనక్కర లేకుండా, దానితో కొట్టుకోకుండా, మోసుకొనిపోయే మార్గం కూడ ఉన్నదన్నమాట.

2022లో ఉక్రెయినులో, 2023 అక్టోబరు తరువాత గాజాలో పిల్లల ముఖాలను మనము మన ఇంటి టీవీలో, చేతిలోని ఫోనులో చూచాము. మన పిల్లలు కూడ మన ప్రక్కనే కూర్చుండి చూచారు. అన్నం తింటూ మనము ఎవరిది తప్పు, ఎవరికి ఎన్ని క్షిపణులున్నాయి అని మాట్లాడుకొన్నాము. ప్రక్కనున్న పసివాడు మాత్రం ఆ పాపకు అమ్మ ఎక్కడ ఉన్నది అని చూస్తాడు. మన ప్రభువు కూడ పసితనంలో ఒక రాజు కత్తికి తప్పించుకొని, రాత్రివేళ తల్లి ఒడిలో ఐగుప్తునకు పారిపోయినవాడే. ఆ దారిలోని పిల్లలను ఆయన ఎరుగును.

ఈ సినిమాను చిన్నపిల్లలకు చూపవద్దని మా మనవి. పిల్లల కథ అయినా ఇది పిల్లల సినిమా కాదు. తల్లిదండ్రులు చూడండి. సండేస్కూలు ఉపాధ్యాయులు చూడండి. చూచిన తరువాత రెండు సంగతులు ఆలోచించండి. పిల్లలకు మరణమును గురించి నిజము చెప్పుచున్నామా? పిల్లలకు ఇచ్చిన మాట నిలుపుకొంటున్నామా?

ఇక ఆ గేటు దగ్గరి పిల్లవాడి సంగతి. సినిమా చూచిన మూడవ రోజున మేము మా పాస్టరమ్మగారిని తోడు తీసుకొని ఆ ఇంటికి వెళ్ళాము. ముందుగా వాళ్ళ అమ్మతో మాట్లాడాము. ఆమె చాలాసేపు ఏడ్చి, "నా నోట చెప్పలేనండీ, మీరు చెప్పండి, నేను ప్రక్కన కూర్చుంటాను" అన్నది. పిల్లవాడిని ఒడిలో కూర్చోబెట్టుకొన్నది. మేము వాడితో, "బాబూ, ఆ రోజు మేము నీకు అబద్ధం చెప్పాము. నాన్న ఊరికి వెళ్ళలేదు, చనిపోయాడు. ఇంటికి రాడు. యేసయ్య దగ్గర ఉన్నాడు. యేసయ్య మనందరినీ లేపే రోజున నాన్నను చూస్తాము. అబద్ధం చెప్పినందుకు మమ్మల్ని క్షమించు" అని చెప్పాము.

వాడు కాసేపు ఊరుకొని, "నాకు తెలుసు తాతా. ఊరికెళ్తే చెప్పులేసుకొని వెళ్తాడు కదా. నాన్న చెప్పులు మంచం కింద ఉన్నాయి" అన్నాడు.

మాకు నోట మాట రాలేదు. అన్ని రోజులుగా ఆ చెప్పుల సంగతి వాడు ఒక్కడే మోశాడు. ఎవరితో చెప్పాలి? అందరూ ఊరికి వెళ్ళాడనే చెబుతున్నారు గదా! అప్పుడే వాడు అమ్మను పట్టుకొని మొదటిసారి ఏడ్చాడు. మరుసటి ఆదివారం ఆరాధన తరువాత మేమందరమూ కలిసి వాడిని సమాధుల తోటకు తీసుకొని వెళ్ళాము. సిలువ మీద నాన్న పేరు కూడబలుక్కొని చదివాడు. కింద ఏముంది, పైన ఎందుకు సిలువ పెట్టారు అని అడిగాడు. మాకు తెలిసినంత చెప్పాము. వాడు గేటు దగ్గర నిలబడడం ఒక్క రోజులో మానలేదు, కొన్ని వారాలు పట్టిందట. కాని ఇప్పుడు వాడి ప్రక్కన అమ్మ కూడ నిలబడుతున్నదని అమ్మమ్మగారు చెప్పారు.

ప్రార్థన: చిన్నబిడ్డలను ఎత్తి కౌగిలించుకొన్న ప్రభువా, యుద్ధములలో తల్లిదండ్రులను పోగొట్టుకొన్న పిల్లలను నీవే ఎత్తుకొనుము. వారి పేర్లు నీకు తెలియును. మా ఇండ్లలోని పిల్లలకు నిజము చెప్పుటకు మాకు ధైర్యమును, ఇచ్చిన మాట నిలుపుకొనుటకు శక్తిని దయచేయుము. వారికి నీ సిలువను మాత్రమే గాక నిన్నును చూపునట్లు మాకు సహాయము చేయుము. ఆమేన్.